ముత్తాత తండ్రి ఎవరో తెలియదు (రాజమండ్రి, 1899 ప్రాంతం) - ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇన్నీసుపేట అబ్బాయి:

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది రాజమండ్రి. మా నాన్నగారి తాతగారు, అంటే నాకు ముత్తాత, 1899 ప్రాంతంలో ఇక్కడే పుట్టారు. ఆయన తండ్రి ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళు ఉన్నా చెప్పకుండానే పోయారు. వాళ్ళమ్మగారికి పెళ్ళి కాలేదు. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో ఆవిడ దొరల బంగళాలో వంటపని చేసేదట, అక్కడ ఎవరో "వంతెన దొర" వల్ల బిడ్డ పుట్టాడట. ఈ రెండు ముక్కలు కూడా మా మేనత్త చిన్నప్పుడు పెద్దాళ్ళు గుసగుసలాడుకుంటుంటే తలుపు చాటున విన్నవే. పిల్లాణ్ణి ఆవిడ అన్నగారు పెంచారు, ఆయన ఇంటిపేరే మాకొచ్చింది. పెళ్ళిళ్ళలో పంతులుగారు గోత్రం అడిగితే ఇప్పటికీ ఆ మేనమామగారి గోత్రమే చెప్తున్నాం.

ఇదంతా కట్టుకథేమో అనుకునేవాణ్ణి. పోయినేడాది అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఏదో ఆఫర్లో చవగ్గా వచ్చిందని డీఎన్ఏ కిట్ కొన్నాడు. రిజల్ట్‌లో 7 శాతం ఇంగ్లండ్, స్కాట్లండ్ వైపు అని వచ్చింది! మా పెద్దమ్మ వాళ్ళు తరతరాలుగా కోనసీమలో ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు, అటువైపు ఇలాంటి మాటే ఎప్పుడూ లేదు. కాబట్టి ఇది మా వైపుదే అనుకుంటున్నాం.

చేతిలో ఉన్న కాగితం ఒక్కటే, ముత్తాత రైల్వే పింఛను కాగితం. అందులో పుట్టిన తేదీ 1-7-1899 అని ఉంది, తండ్రి పేరు దగ్గర మేనమామగారి పేరు. ఇంక ఆ అసలు మనిషి పేరు తెలుసుకోవడం సాధ్యమేనా? చర్చి రికార్డుల్లో ఉంటుందా, రైల్వే వాళ్ళ దగ్గర ఉంటుందా, లండన్‌లోనా? నాన్నగారేమో "ఎందుకురా తవ్వుకోవడం" అంటున్నారు. అత్తకి 75 దాటాయి, తనేమో "నేనుండగానే తెలిస్తే బావుణ్ణు" అంటోంది.

ధవళేశ్వరం బుల్లోడు:

బ్రో మీది కాటన్ దొర వంశం అయ్యుంటుంది, చెక్ చేసుకో. విగ్రహానికి దండ వేసే హక్కు మీకే.

పాత కాగితాలు:

గోదావరి జిల్లాల్లో దొర కథ ఉన్న ప్రతి ఇంట్లోనూ చివరికి కాటన్ గారే తేలతారు. ఆనకట్ట 1852కే పూర్తయింది, ఆయన 1860ల్లో ఇండియా వదిలి వెళ్ళిపోయారు, ఈ పిల్లాడు పుట్టిన 1899లో ఆయన ఇంగ్లండ్‌లో 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన్ని వదిలేద్దాం.

అలాగే వంతెన అనగానే చీఫ్ ఇంజినీరు వాల్టన్ పేరు ఎక్కడ చూసినా కనిపిస్తుంది కదా అని ఆయన మీదికి వెళ్ళకండి. పుస్తకాల్లో మిగిలేది పై వాళ్ళ పేర్లే. పాత వంతెన (హేవలాక్ వంతెన) పని 1897 చివర్లో మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. 56 స్పాన్లు, నదిలో బావులు దించి వాటి మీద రాతి స్తంభాలు లేపడం. అంత పని ఒకరిద్దరు ఇంజినీర్లతో అవుతుందా? అసిస్టెంట్ ఇంజినీర్లు, ఓవర్సీర్లు, ఫోర్‌మన్లు, మెకానిక్కులు, స్టోర్ కీపర్లు, వీళ్ళలో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు, ఇక్కడే పుట్టి పెరిగిన, ఇటు అటు రక్తం కలిసిన ఆంగ్లో ఇండియన్లూ ఉంటారు. బంగళాలో పనిచేసే వంటావిడకి వీళ్ళంతా దొరలే.

ఇప్పుడు రికార్డుల సంగతి, ఒక్కోటీ చెప్తాను.

బాప్తిస్మం రిజిస్టర్లు: మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు అప్పట్లో లండన్‌కి పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 అనే వరసలో ఉన్నాయి. వంశాలు వెతుక్కునే వెబ్‌సైట్లలో ఫైండ్‌మైపాస్ట్‌లో డబ్బు కట్టి స్కాన్లు చూడొచ్చు, ఫ్యామిలీసెర్చ్‌లో ఇండెక్స్ వరకు ఉచితం. కానీ పిల్లాడికి బాప్తిస్మం ఇప్పించి ఉంటేనే అందులో పేరు ఎక్కుతుంది. మీ ముత్తాతని మేనమామ హిందువుగానే పెంచారు కాబట్టి అక్కడ దొరుకుతారని నాకు ఆశ లేదు. వేరే పని కోసం మాత్రం ఆ రిజిస్టర్లు చూడండి: 1897 నుంచి 1901 మధ్య రాజమండ్రిలో ఏ యూరోపియన్ కుటుంబాలు పిల్లలకి బాప్తిస్మం ఇప్పించాయో, ఎవరిని పాతిపెట్టారో చూస్తే ఊళ్ళో అప్పుడున్న దొరల లిస్టు సగం తయారవుతుంది. ఆ ఎంట్రీల్లో తండ్రి ఉద్యోగం కూడా రాస్తారు. ఇంకో సంగతి, బాప్టిస్టు మిషన్ వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, కాబట్టి ఆ వైపు వెతికి దొరకలేదంటే దానికి అర్థం ఏమీ లేదు.

ఉద్యోగుల జాబితాలు: పై స్థాయి వాళ్ళయితే పబ్లిక్ వర్క్స్ శాఖ సివిల్ లిస్టుల్లో, సర్వీసు చరిత్రల్లో ఎవరు ఏ ఏడు ఎక్కడున్నారో ఉంటుంది. కింది వాళ్ళకి మద్రాసులో ఏటా వేసిన అల్మనాక్ డైరెక్టరీ దిక్కు, ప్రెసిడెన్సీలో ఉంటున్న యూరోపియన్ల పేర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు అందులో వేసేవారు. 1898, 1899, 1900 సంచికలు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఫిబిస్ అనే సంస్థ, బ్రిటిష్ ఇండియా కుటుంబాల వాళ్ళది, వాళ్ళ సైట్లో ఉచితంగా పేర్లు వెతుక్కోవచ్చు.

రైల్వే: ఆ లైను అప్పుడు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. 1901లో బెజవాడ నుంచి వాల్తేరు దాకా ముక్క మద్రాస్ రైల్వేకి వెళ్ళింది, వాల్తేరు పైన ముక్క తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వేకి వెళ్ళింది. కాబట్టి రాజమండ్రి మనిషి కాగితం కోసం కలకత్తా వైపు వెళ్తే టైమ్ వేస్ట్. ప్రభుత్వం ఉత్తర్వులు, పీడబ్ల్యూడీ ఫైళ్ళు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాల్సిందే.

కోర్టు: చాలామందికి తెలియని విషయం. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 488 సెక్షన్ కింద పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకి కూడా మనోవర్తి ఇమ్మని తండ్రి మీద మేజిస్ట్రేట్ ఆర్డర్ వేయొచ్చు, నెలకి 50 రూపాయలు మించకుండా. వంటావిడ దొర మీద కేసు వేసి ఉంటుందా అంటే వేసి ఉండదు. వేసినా అలాంటి చిన్న కేసుల ఫైళ్ళు ఇన్నేళ్ళు ఉంచరు. చట్టం ఉండేదని మాత్రం తెలిసి ఉండాలి, ఎందుకంటే కోర్టు దాకా పోకుండా బయటే ఏదో ఒకటి ఇచ్చి సర్దుకోవడానికి అదీ ఒక కారణం.

చివరగా ఆ 1-7-1899. జులై 1న పుట్టినవాళ్ళు మన దేశంలో ఎంతమందో మీకు తెలుసు. బడిలో వేసిన రోజు మాస్టారు రాసిన తేదీ అది. వంతెన పని 1897 చివర్లో మొదలైంది కాబట్టి పిల్లాడు నిజంగా 1898 మొదట్లో పుట్టి ఉంటే వంతెన వాళ్ళంతా లెక్కలోంచి పోతారు, అప్పుడు ధవళేశ్వరం వర్క్‌షాపు, సెంట్రల్ జైలు, జిల్లా జడ్జి కోర్టు ఇవన్నీ చూడాల్సి వస్తుంది. ముందు పుట్టిన ఏడాది గట్టిగా తేల్చండి, మిగతావన్నీ దాని తర్వాతే.

మెల్‌బోర్న్ లక్ష్మి:

నేను డీఎన్ఏ వైపు చెప్తాను. ఇక్కడ మాకు ఆంగ్లో ఇండియన్ ఫ్రెండ్స్ ఎక్కువ, 1947 తర్వాత వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు, వాళ్ళకి ఇలాంటివి చాలానే వెతికి పెట్టాను.

ముందు ఆ 7 శాతం. ఆ దొర మీ అన్నయ్యకి ముత్తాత తండ్రి. అంత పై తరం మనిషి నుంచి సగటున 6.25 శాతం వస్తుంది. ఆయనే ఆంగ్లో ఇండియన్ అయ్యుంటే యూరప్ వాటా అందులో సగమో ఇంకా తక్కువో, అంటే 3 దగ్గర ఉండాలి. 7 వచ్చిందంటే ఆయన పూర్తిగా అటువైపు నుంచి వచ్చినవాడై ఉండే అవకాశమే ఎక్కువ. కానీ ఒక్క మనిషి రిజల్ట్ చూసి తీర్మానం చేయకండి, తరం మారినప్పుడల్లా ఈ ముక్కలు సమానంగా పంచుకోబడవు, ఒకరికి 4 వస్తుంది వాళ్ళ తమ్ముడికి 9 వస్తుంది.

అందుకే టెస్ట్ చేయాల్సింది మీరు కాదు, మీ మేనత్తగారు. ఆవిడ ఆ దొరకి మునిమనవరాలు, ఆవిడలో దాదాపు 12 శాతం ఉంటుంది. ఆ దొరకి ఇంగ్లండ్‌లో భార్యాపిల్లలు ఉండి, వాళ్ళ మునిమనవల్లో ఎవరైనా టెస్ట్ చేయించుకుని ఉంటే అత్తయ్యగారికీ వాళ్ళకీ మధ్య సగటున 120 సెంటీమోర్గాన్లు (ఇద్దరికీ ఎంత డీఎన్ఏ కలుస్తుందో చెప్పే కొలత) కలుస్తాయి, అది కంపెనీ చూపించే చుట్టాల లిస్టులో పైనే కనిపించే మ్యాచ్. అదే మీ తరంలో ఒకరికి, అటువైపు మీ తరం వాళ్ళకి అయితే 50 లోపు పడిపోతుంది, ఒక్కోసారి అసలు కనిపించకపోవచ్చు కూడా. ఇంట్లో పెద్ద తరం ఉన్నప్పుడే చేయించండి అనేది అందుకే.

మీకు ఒక అదృష్టం ఉంది. మామూలుగా మన తెలుగువాళ్ళ మ్యాచ్ లిస్టు చూస్తే తలనొప్పి. ఒకే కులంలో పెళ్ళిళ్ళు, దానికి తోడు మేనరికాలు, మేనమామ సంబంధాలు, దాంతో అసలు ఎంత దూరపు చుట్టమో తెలియనివాళ్ళు కూడా దగ్గరవాళ్ళలా కనిపిస్తారు. మీ కేసులో ఆ గోల లేదు. మీ కుటుంబంలో యూరప్ వాటా ఒకే ఒక్క మనిషి నుంచి వచ్చింది కాబట్టి మ్యాచ్ లిస్టులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పేరు ఎవరు కనిపించినా, 20 సెంటీమోర్గాన్ల పైన ఉంటే చాలు, వాళ్ళు ఆ మనిషి వైపు చుట్టమే అయ్యుండే అవకాశం ఎక్కువ. అన్నయ్య అకౌంట్ ఓపెన్ చేసి ఇవాళే చూడండి. అలాంటి వాళ్ళు నలుగురు దొరికితే వాళ్ళలో ఎవరు ఎవరికి మళ్ళీ కలుస్తున్నారో షేర్డ్ మ్యాచ్‌లలో చూసి గుంపులుగా విడదీయండి. ఒక గుంపులో అందరి వంశవృక్షాలూ పైకి కట్టుకుంటూ పోతే ఎక్కడో ఒక జంట దగ్గర కలుస్తాయి. ఆ జంట కొడుకుల్లో, మనవల్లో 1898లో ఇండియాలో ఉన్నవాడు ఎవడు అన్నది ప్రశ్న. అక్కడ పాత కాగితాలు గారు చెప్పిన లిస్టు అందుకుంటుంది.

ఇంకో టెస్ట్ కూడా ఉంది. మీ అన్నయ్య, పెదనాన్న, తాత, ముత్తాత, ఆ దొర, ఇది తెగని మగ వరస. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి అలాగే దిగుతుంది. ఫ్యామిలీట్రీడీఎన్ఏ వాళ్ళు ఆ టెస్ట్ చేస్తారు. బ్రిటన్‌లో ఎక్కువమంది మగవాళ్ళది ఆర్1బి అనే వంశం, అది మన వైపు అరుదు. అది వస్తే దొర కథకి ముద్ర పడ్డట్టే. అక్కడ ఇంటిపేరు కూడా తండ్రి నుంచే దిగుతుంది కాబట్టి దగ్గరి మ్యాచ్‌లలో ఒకే ఇంటిపేరు పదే పదే కనిపిస్తే అది ఆయన ఇంటిపేరు కావచ్చు. తక్కువ మార్కర్ల (క్రోమోజోమ్ మీద పోల్చి చూసే చోట్లు) టెస్ట్‌లో వచ్చే మ్యాచ్‌లు మాత్రం నమ్మకండి, ఇంటిపేర్లు పుట్టకముందు నాటి చుట్టరికాలు కూడా వాటిలో మ్యాచ్‌గానే కనిపిస్తాయి.

గౌతమి తీరం:

నాకు మీ నాన్నగారి వయసు ఉంటుంది కాబట్టి చనువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకు బాబూ. దొర రక్తం అనగానే కుర్రాళ్ళు సినిమా కథలా ఊహించుకుంటారు. బంగళాలో వంటచేసే పెళ్ళికాని పిల్ల, జీతం ఇచ్చే దొర. కాదనే అవకాశం ఆ పిల్లకి ఎంత ఉండేదో ఆలోచించు. దొరికేది మంచి కబురు కాకపోవచ్చు, మీ నాన్న వద్దనడం వెనక ఆ భయం ఉందేమో ఆయన్ని కూర్చోబెట్టి అడుగు. అత్తగారికి కూడా టెస్ట్ అంటే ఏమిటో, అందులో ఇంకేమేం బయటపడొచ్చో ముందే చెప్పు. ఒకరు ఉమ్మి పంపితే అన్నదమ్ముల పిల్లలందరి గుట్టూ బయట పడుతుంది. వేరే ఇళ్ళలో అనుకోని సంగతులు తేలి మాటలు లేకుండా పోయినవాళ్ళు ఉన్నారు.

ఇంత రాశావు, ఆ తల్లి పేరు ఒక్కసారి కూడా రాయలేదు. దొర పేరు కోసం లండన్ దాకా వెళ్తున్నారు సరే, ఆవిడ ఏ ఊరు నుంచి వచ్చింది, ఆ తర్వాత ఎలా బతికింది, అది ఎవరైనా వెతికారా?

ఇన్నీసుపేట అబ్బాయి:

బాబాయిగారూ, పేరు ఉందండి, ఇక్కడ పబ్లిక్‌లో పెట్టలేదు అంతే. కానీ మీరన్నది నిజం, ఆవిడ గురించి మేం అడిగింది చాలా తక్కువ. నిన్న ఆదివారం అత్త దగ్గర కూర్చుని ఆవిడ సంగతులే అడిగాను, దాంతో రెండు విషయాలు బయటికొచ్చాయి.

ఒకటి, పుట్టిన ఏడాది. అత్త పెట్టెలో ముత్తాత షష్టిపూర్తి ఫోటో ఉంది. పీటల మీద ఆయన, ముత్తవ్వ, ఆయన పంచె మీద కోటు వేసుకున్నారు, వెనక స్టూడియో స్టాంపు, దాని పక్కన సిరాతో వికారి అని, 1959 అని. 60 ఏళ్ళు వెనక్కి వెళ్తే మళ్ళీ వికారి, అంటే 1899 ఏప్రిల్ నుంచి 1900 మార్చి లోపు. నక్షత్రం, తిథి చూసే చేశారట, ఆవిడకి కొడుకు పుట్టిన నక్షత్రం బాగా గుర్తుండేదని అత్త అంటోంది.

రెండు, ఇల్లు. మేం ఇప్పుడుంటున్న స్థలం మేనమామగారిది కాదట, ఆవిడదేనట! నాన్నగారి బీరువాలో లింకు డాక్యుమెంట్లు తీశాం. 1950ల్లో తాతయ్య వాళ్ళ అన్నదమ్ములు రాసుకున్న భాగపంపకాల దస్తావేజులో "మా నాయనమ్మగారికి 1901వ సంవత్సరంలో దఖలు దస్తావేజు మూలంగా సంక్రమించిన ఖాళీ స్థలము" అని ఉంది. ఎవరు దఖలు పరిచారో, అంటే ఆ స్థలం ఎవరు రాసిచ్చారో రాయలేదు. ఆ 1901 కాగితం మా దగ్గర లేదు.

నాన్నగారు కూడా అది చదివాక కాస్త మెత్తబడ్డారు. తవ్వకు అనడం లేదు, సాయంత్రం ఆయనే "ఆ దఖలు ఎవరు రాసుంటారంటావు" అన్నారు.

కాకినాడ కాజా:

1901! వంతెన మీద రైళ్ళు నడిచింది 1900లో. పని అయిపోయి బదిలీ మీద వెళ్ళేముందు దొర ఏదో ఏర్పాటు చేసి వెళ్ళాడు అనిపిస్తోంది.

మా ఇంటి సంగతి చెప్తాను, ఇది వేరే రకం. మా అమ్మమ్మ వాళ్ళది కళావంతుల కుటుంబం. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేనాటికి అమ్మమ్మకి పెళ్ళయి పిల్లలు కూడా ఉన్నారు, కానీ ఆవిడ స్కూల్ రిజిస్టర్లో తండ్రి గడిలో వాళ్ళమ్మ పేరే ఉంది. తండ్రి ఎవరో ఊరంతటికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా లేడు. మాకు డీఎన్ఏ ఏమీ తేల్చలేదు, లక్ష్మిగారు చెప్పిన కారణమే, ఆ జిల్లాలో ఆ కుటుంబాలన్నీ ఒకళ్ళకొకళ్ళు చుట్టాలే, ఏ మ్యాచ్ ఎటునుంచి వచ్చిందో విడదీయలేకపోయాం. మాకు తేల్చింది రిజిస్ట్రేషన్ ఆఫీసు. కొబ్బరితోట ఒకటి మా అమ్మమ్మ వాళ్ళమ్మ పేర దఖలు రాసి ఉంది, రాసింది ఆ పెద్దమనిషి కాదు, ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా! గుమాస్తాకి కొబ్బరితోట ఎక్కడిది అని అతని పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే ఆర్నెల్ల ముందు ఆ పెద్దమనిషి దగ్గర కొన్నట్టు ఇంకో దస్తావేజు దొరికింది. చేతులు మార్చి ఇచ్చారన్నమాట.

మీ దాంట్లో కూడా దొర పేరు నేరుగా ఉంటుందని అనుకోవద్దు. రాళ్ళ కాంట్రాక్టరో, ఆఫీసు రైటరో ఎవరో ఒకరు మధ్యలో ఉంటారు. సాక్షుల సంతకాలు వదలకుండా చూడండి.

పాత కాగితాలు:

వికారి ఫోటో బ్రహ్మాండం. కడుపున పడింది 1898 మధ్య నుంచి 1899 మధ్యలోపు అన్నమాట, వంతెన పని ముమ్మరంగా ఉన్న టైమ్. ఇప్పుడు వంతెన వాళ్ళనే ముందు పెట్టుకోవచ్చు.

దస్తావేజు సంగతి. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) వెతికి లేదని వదిలేయకండి, అందులో 1983 నుంచే ఉంటాయి. పాతవాటికి ఆఫీసుకి వెళ్ళి చేత్తో వెతికించాలి. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కిస్తారు, దానికి రెండు ఇండెక్సులు: ఒకటోది రాసినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్ల ప్రకారం, రెండోది ఆస్తి ప్రకారం. మీకు ఆవిడ పేరు, ఏడాది రెండూ తెలుసు కాబట్టి ఒకటో ఇండెక్సు చాలు. ఆ పుస్తకం ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, వారసుడని నిరూపించుకోనక్కర్లేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అంత పాత వాల్యూములు లేకపోతే జిల్లా రిజిస్ట్రారు రికార్డు రూములో అడగండి. "అంత పాతవి లేవండి" అని కూర్చున్నచోటు నుంచే చెప్పేస్తారు, అప్లికేషన్ రాసిచ్చి జవాబు కూడా రాసివ్వమంటే అప్పుడు లేస్తారు.

నకలు వచ్చాక చూడాల్సినవి: రాసినవాడి వృత్తి, తండ్రి పేరు, ఊరు. ఎందుకు ఇస్తున్నాడని రాశాడు, "నీవు చేసిన సేవలకు గాను" అనో "నీ కుమారుని పోషణ నిమిత్తం" అనో ఏదో ఒక మాట ఉంటుంది. సాక్షులు. రిజిస్ట్రారు ఎదుట ఫలానావాళ్ళే అని గుర్తుపట్టిన మనిషి ఎవరు. గొలుసుకట్టు రాత చదవలేకపోతే ఊళ్ళో పాత దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే పట్టుకోండి, మనం గంటసేపు చూసేది వాళ్ళు నిమిషంలో చదివేస్తారు.

ఇన్నీసుపేట అబ్బాయి:

అప్‌డేట్. నకలు వచ్చింది! దఖలు రాసింది ఒక తెలుగాయన, వృత్తి "కంట్రాక్టు" అని ఉంది, ఊరు రాజమండ్రే. కాజాగారు చెప్పినట్టే. కారణం "మీ కుమారుని పెంపకము నిమిత్తము" అని స్పష్టంగా ఉంది, ఆవిడకి అతను ఏమవుతాడో ఎక్కడా లేదు. ఇద్దరు సాక్షుల్లో ఒకాయనది తెలుగు పేరు. రెండో పేరు ఇంగ్లీషు పేరు, రైటరు తెలుగులో రాసుకున్నాడు, ఇంటిపేరు చదవగలిగాం, ముందున్న పొడి అక్షరాలు మాత్రం అలికినట్టు ఉన్నాయి. ఆవిడది వేలిముద్ర, పక్కన "నిశాని" అని ఆవిడ పేరు.

ఆ ఇంటిపేరు అన్నయ్య మ్యాచ్ లిస్టులో కొట్టి చూశాం, నేరుగా లేదు. లక్ష్మిగారు చెప్పిన లాంటి మ్యాచ్‌లు మాత్రం కొన్ని ఉన్నాయి, అన్నీ 20ల్లో, 30ల్లోనే, ఇద్దరు కెనడా. ఆ ఇంటిపేరు ఇక్కడ పెట్టమంటారా? ఎవరికైనా డైరెక్టరీలో కనిపిస్తే చెప్తారని.

మెల్‌బోర్న్ లక్ష్మి:

పెట్టకండి. సాక్షి సంతకం చేసినంత మాత్రాన ఆయనే తండ్రి కాడు, ఆఫీసులో తోటి ఉద్యోగి కావచ్చు, స్నేహితుడి మాట కోసం వచ్చి సంతకం పెట్టి ఉండొచ్చు. ఆయన మునిమనవలు ఎవరో గూగుల్లో ఆ పేరు కొట్టి ఇది చదివితే బావుండదు. పాత కాగితాలు గారికి మెసేజ్‌లో పంపండి, డైరెక్టరీల్లో ఆయన చూస్తారు.

ఇంకో మాట. ఇప్పుడు పేరు దొరికింది కదా అని ఆ పేరు నుంచి కిందికి వంశం కట్టి మ్యాచ్‌లకి అతికించాలని అనిపిస్తుంది. అలా వెళ్తే ఏదో ఒకటి అతుకుతుంది కూడా, స్కాట్లండ్ చిన్న దేశం. మ్యాచ్‌ల నుంచే పైకి కట్టుకుంటూ రండి, ఆ పేరు దానంతట అది ఎదురైతే అప్పుడు లెక్క. కెనడా వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు కలుస్తున్నారా చూశారా? కలిస్తే వాళ్ళ చెట్లతోనే మొదలుపెట్టండి. మెసేజ్ పెట్టేటప్పుడు మొదటి వాక్యంలోనే మీ తాత మా ముత్తాతకి తండ్రి అని రాయకండి, భయపడి బ్లాక్ చేస్తారు. "మా కుటుంబం దక్షిణ ఇండియా, మనకి చుట్టరికం కనిపిస్తోంది, మీ వాళ్ళెవరైనా 1890ల్లో ఇండియాలో రైల్వే పనిమీద ఉన్నారా" అని రెండు వాక్యాలు చాలు.

ఒకవేళ ఆ దొరకి పెళ్ళి పిల్లలు లేకపోతే మ్యాచ్‌లన్నీ ఆయన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ వైపు నుంచి వస్తాయి. అప్పుడు కుటుంబం తెలుస్తుంది కానీ ఆ అన్నదమ్ముల్లో ఎవరన్నది డీఎన్ఏ చెప్పలేదు. రాజమండ్రిలో ఉన్నవాడు ఎవడో మళ్ళీ కాగితమే చెప్పాలి.

అత్తయ్యగారి టెస్ట్ ఎక్కడ చేయిస్తున్నారు? అన్నయ్య చేయించిన కంపెనీ ఇండియాలో కిట్లు అమ్మదేమో చూసుకోండి.

ఇన్నీసుపేట అబ్బాయి:

అత్త కూతురు డాలస్‌లో ఉందండి. వచ్చే వేసవికి అత్త ఆర్నెల్లు అక్కడే. అన్నయ్య ఆ ఇంటికే కిట్ పంపిస్తానన్నాడు. బాబాయిగారు చెప్పినట్టు అత్తకి అన్నీ విడమరిచి చెప్పాను, వేరే సంగతులు బయటపడొచ్చని కూడా. "ఈ వయసులో నాకేం బయటపడుతుందిరా" అని నవ్వింది. కెనడా వాళ్ళిద్దరూ కలుస్తున్నారు, ఒకావిడ చెట్టు పబ్లిక్‌గానే ఉంది, రాత్రి కూర్చుంటాను.

మెల్‌బోర్న్ లక్ష్మి:

అయితే బావుంది. ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు. అత్తయ్యగారికి వక్కపొడి అలవాటు ఉంటే ఆ పూటకి ముందే దాచేయమని వాళ్ళమ్మాయికి చెప్పండి. పెద్దవాళ్ళకి నోరు ఎండి ఆ గొట్టం నిండడానికి టైమ్ పడుతుంది, కంగారు పెట్టకండి, బుగ్గలు కాస్త నిమిరితే ఊరుతుంది.